సుషిర వాద్యాల రీడుల నిల్వ

రీడు అనగా క్లారినెట్, సాక్సోఫోన్, ఓబో, బసూన్, నాదస్వరం వంటి సుషిర వాద్యాలలో ఊదిన గాలికి కంపించి నాదాన్ని పుట్టించే పలుచని బద్ద. క్లారినెట్, సాక్సోఫోన్‌లలో ఒకే బద్ద ఉంటుంది. మిగిలినవి జంట రీడు వాద్యాలు. నాదస్వరపు రీడును తమిళంలో సీవాళి అంటారు. రీడు ఎన్నాళ్ళు మన్నుతుందనేది చాలావరకు దానిలోని తేమపై ఆధారపడి ఉంటుంది.

తేమ ప్రభావం

పాశ్చాత్య వాద్యాల రీడులను ఎక్కువగా అరుండో డోనాక్స్ అనే గడ్డిజాతి మొక్క కాండంతో తయారు చేస్తారు. ఇది చూడటానికి వెదురువలె ఉంటుంది. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతం ఈ పంటకు ప్రసిద్ధి. ఈ కాండం తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరినపుడు కుంచించుకుపోతుంది. ఈ మార్పు నిలువుకంటే అడ్డంగా ఎక్కువ. క్లారినెట్ రీడు కొన మందం సుమారు 0.1 మిల్లీమీటరు, మొదలు సుమారు 3 మిల్లీమీటర్లు. అందువలన కొన ముందుగా ఆరి అలలుగా వంకర తిరుగుతుంది. అట్టి రీడు మౌత్‌పీస్‌కు సరిగా ఆనదు, స్వరం పలకదు.

బూజు

తడి రీడును గాలి చొరని డబ్బాలో ఉంచిన బూజు పడుతుంది. సాక్సోఫోన్‌లో పెరిగిన బూజు వలన వాద్యకారునికి ఊపిరితిత్తుల వాపు కలిగిన ఉదంతం 2010లో వైద్య పత్రికలో ప్రచురితమైనది. బూజు పట్టిన రీడును పారవేయాలి.

నిల్వ పద్ధతి

* వాయించిన తరువాత రీడును మౌత్‌పీస్ నుండి తీసి, మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్దాలి.
* ఏక రీడును గాజు వంటి చదునైన తలంపై ఉంచాలి. జంట రీడుల కొనలు దేనికీ తగలరాదు.
* పైతడి ఆరిన తరువాతనే డబ్బా మూయాలి. డబ్బాలో సాపేక్ష ఆర్ద్రత సాధారణంగా 45-65 శాతం మధ్య ఉండటం మంచిది.
* సిలికా జెల్ తేమను పీల్చుతుంది కాని పొడి వాతావరణంలో కావలసిన తేమను అందించదు. తేమను ఇచ్చి పుచ్చుకొనే ప్యాకెట్లు వేరుగా లభిస్తాయి.

ఆర్ద్రతను హైగ్రోమీటరుతో కొలుస్తారు. తడిపిన ఉప్పుతో పాటు దానిని మూసిన డబ్బాలో కొన్ని గంటలు ఉంచిన, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 75 శాతం చూపాలి. ఇది పరికరాన్ని సరిచూచే సులభ మార్గం.

తెలుగు ప్రాంతాలలో

కోస్తా ఆంధ్రలో వర్షాకాలపు గాలిలో తేమ అధికం కనుక బూజు ప్రమాదం ఎక్కువ. తెలంగాణ, రాయలసీమలలో వేసవి పొడిగా ఉంటుంది కనుక రీడులు వంకరపోవడం, పగలడం ఎక్కువ. ప్లాస్టిక్ వంటి కృత్రిమ పదార్థాలతో చేసిన రీడులకు ఈ బాధ తక్కువ, అయినను వాటిని కూడా శుభ్రం చేయవలెను.