షేల్ శిలల్లో వాయు నిల్వ: సేంద్రియ పదార్థం, బంకమన్ను ఖనిజాలపై అవగాహనా పరిణామం

ఉపోద్ఘాతం:

పెట్రోలియం భూవిజ్ఞానంలో షేల్ శిలకు చాలాకాలం రెండు పాత్రలే ఉండేవి. ఒకటి, చమురునూ వాయువునూ పుట్టించే మాతృశిల. రెండు, వాటిని పైకి పోనివ్వని మూతరాయి. అదే శిల నిల్వస్థానం కూడా కాగలదన్న అభిప్రాయం స్థిరపడటానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. ఆ పరిణామక్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి దశ:

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియాలో 1821లో విలియం హార్ట్ తవ్వినట్లు ప్రసిద్ధమైన బావి డెవోనియన్ షేల్ నుంచి వాయువును అందించింది. వాయువు పగుళ్లలోంచి వచ్చింది కనుక నిల్వ కూడా పగుళ్లలోనే ఉందనుకోవడం సహజమైంది. ఈ భావనను సవరించగల సిద్ధాంతం వేరే రంగంలో రూపొందింది. గాజు, అభ్రకం, ప్లాటినం ఉపరితలాలపై వాయువుల అధిశోషణను ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో వివరించాడు. అభ్రకం బంకమన్ను ఖనిజాల వలెనే పొరల నిర్మాణం గల సిలికేట్. పీడనం పెరిగేకొద్దీ ఉపరితలానికి అంటుకునే వాయువు పెరిగి, ఒక హద్దు వద్ద నిలిచిపోతుందన్న ఆయన సూత్రమే తరువాత బొగ్గుకూ షేల్‌కూ ప్రమాణమైంది.

కొలతల దశ:

1976లో అమెరికా ప్రభుత్వం చేపట్టిన ఈస్టర్న్ గ్యాస్ షేల్స్ ప్రాజెక్టు శిలానమూనాల క్రమబద్ధ అధ్యయనానికి దారితీసింది. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో మిచెల్ ఎనర్జీ సంస్థ 1981లో తొలి బావి తవ్వింది. అక్కడి వాయు పరిమాణం తొలి అంచనాలను మించినదని 1990ల చివరి పరీక్షల్లో తేలింది. అమెరికాలోని ఐదు షేల్ వ్యవస్థలను పోల్చిన జాన్ కర్టిస్ 2002 వ్యాసం ప్రకారం మొత్తం వాయువులో అధిశోషిత భాగం 20 నుంచి 85 శాతం వరకు మారుతుంది. పగుళ్ల సిద్ధాంతం ఒక్కటే చాలదనడానికి ఈ వ్యత్యాసమే నిదర్శనం.

సేంద్రియ పదార్థం, బంకమన్ను:

2009లో రాబర్ట్ లౌక్స్ బృందం ఆర్గాన్ అయాన్ పుంజంతో నునుపు చేసిన బార్నెట్ నమూనాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, సేంద్రియ పదార్థంలోనే నానోమీటర్ల స్థాయి రంధ్రాలున్నాయని చూపింది. కెరోజెన్ ఉష్ణానికి పరిపక్వమై హైడ్రోకార్బన్లుగా మారేటప్పుడు ఈ ఖాళీలు ఏర్పడతాయి. అంటే వాయువును పుట్టించిన పదార్థమే దానికి ఆశ్రయమూ అయింది. బంకమన్ను ఖనిజాల పాత్ర ఇంత సూటియైనది కాదు. ఇల్లైట్, స్మెక్టైట్‌లకు ఉపరితల వైశాల్యం ఎక్కువే. పొడి నమూనాలో అవి మీథేన్‌ను గణనీయంగా పట్టి ఉంచుతాయి. కానీ భూగర్భంలో ఆ ఉపరితలాలను నీరు ముందే ఆక్రమిస్తుంది. కనుక పొడి నమూనాపై చేసిన కొలత నిల్వను ఎక్కువ చేసి చూపే ప్రమాదం ఉంది. పైగా బంకమన్ను అధికమైన శిల మెత్తబడి, హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్‌కు సులభంగా లొంగదు.

ముగింపు:

భారత ప్రభుత్వం 2013లో షేల్ వాయువు విధానాన్ని ప్రకటించిన తరువాత కృష్ణా-గోదావరి బేసిన్‌లోని రాఘవాపురం, కొమ్ముగూడెం శిలాశ్రేణులకు ఈ చర్చ నేరుగా వర్తిస్తుంది. సేంద్రియ కర్బన శాతాన్ని మాత్రమే చూసి నిల్వను లెక్కించడం పాక్షిక దృష్టి అవుతుంది. పరిపక్వత, బంకమన్ను రకం, తేమ అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే అంచనా విశ్వసనీయమవుతుంది. శిలలో వాయువు ఎంత ఉందన్న ప్రశ్నకు, అది ఎక్కడ, ఏ రూపంలో ఉందన్నది తేలకుండా సమాధానం దొరకదని ఈ చరిత్ర నిరూపిస్తోంది.