11 నెలల కాయిదం ఆగుతదా?

అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీలల్ల గ్రూప్స్‌కు చదివే పోరగాండ్లను నమ్ముకొని ఎన్నో మెస్సులు, జిరాక్స్ దుకాణాలు నడుస్తున్నయి. ఊర్ల అప్పు చేసి వచ్చి మడిగె పట్టినోళ్లూ ఉంటరు. చేతిల ఉండేది 11 నెలల స్టాంపు కాయిదం. ఏడాది దాటకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని బ్రోకర్ చెప్తడు. ఆ మాట ఇక్కడ చెల్లదు. ఉమ్మడి రాష్ట్రంల 1999ల చట్టం మార్చిండ్రు: ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ కావాల్సిందే. కాకుంటే, గడువు దాకా ఖాళీ చేయించనని ఓనర్ రాసిచ్చిన షరతు కోర్టుల సాక్ష్యంగ నిలబడదు. నువ్వు నెలవారీ కిరాయిదారువే అయితవు. ఆస్తి బదిలీ చట్టం 106 సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. పొయ్యిలకు, ఫర్నిచర్‌కు పెట్టిన పైసలు మునిగినట్టే. బ్రోకర్‌కు కమీషన్ అడిగినంత ఇస్తం, వకీలు ఫీజంటేనే మనసొప్పది! ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకైతే న్యాయసేవల సంస్థ సాయం ఉచితమే, నంబరు 15100. సంతకం పెట్టకముందే చెయ్యిండ్రి ఆ ఫోను.