ఓర్పు ఆమోదమా? నైజీరియా అనుభవం

నైజీరియన్లు కష్టాలను నవ్వుతూ భరిస్తారనే మాట మీరు విని ఉంటారు. జాతీయ విద్యుత్ సంస్థ ‘నెపా’ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు వారు ‘కరెంటు ఎప్పుడూ ఉంటుందని ఆశించకు’ అని అర్థం చెప్పుకున్నారు. స్తోమత ఉన్నవారు జనరేటర్లు కొన్నారు, బోర్లు వేయించుకున్నారు.

అయితే ఈ ఓర్పు పాలనకు ఆమోదం కాదని గమనించండి. 1929లోనే, తమపై పన్ను వేస్తారన్న వార్తతో ఆగ్నేయ ప్రాంత స్త్రీలు వలస పాలనపై తిరగబడ్డారు. 2012 జనవరిలో సబ్సిడీ రద్దుతో లీటరు పెట్రోలు 65 నైరాల నుంచి సుమారు 140కి చేరింది. చిన్న జనరేటర్లు నడిచేది ఆ పెట్రోలుతోనే. అంటే సర్దుకుపోయే దారే ఖరీదైపోయింది. దేశవ్యాప్త సమ్మె జరిగింది. ప్రభుత్వం ధరను 97కు తగ్గించింది.

కాబట్టి ప్రజల మౌనాన్ని అంచనా వేసేముందు, వారు దేని ఆధారంతో సర్దుకుపోతున్నారో పరిశీలించండి.