బేగంపేట దోమ స్టాక్‌హోం దాకా

స్టాక్‌హోంలో ఒక్క రోజు ఖాళీగా చేతికి దొరికితే చాలామంది నేరుగా వాసా ఓడ చూడ్డానికి పోతారు. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన ఓడ అది. చూడదగ్గదే. అయితే సికింద్రాబాద్ నుంచి వెళ్లినవాళ్లకు ఆ ఊళ్లో ఇంకో దారి ఉంది. 1902 నాటి వైద్య నోబెల్ వెంట నడిచే దారి. ఆ బహుమతికి పునాది పడింది మన బేగంపేటలో, ఒక ఆడదోమ కడుపులో.

1895లో రెండు సంగతులు జరిగాయి. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 19వ మద్రాస్ పదాతి దళంతో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో దిగాడు. అదే ఏడు నవంబరు 27న డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ పారిస్‌లో వీలునామా మీద సంతకం పెట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఏడేళ్ల తర్వాత ఆ ఇద్దరి పేర్లూ ఒకే పతకంతో ముడిపడ్డాయి.

రాస్ అల్మోరాలో పుట్టినవాడు. 1894లో లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు అతనికి మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించాడు. ఆ క్రిమిని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ అనే వైద్యుడు మనిషి నెత్తుటిలో కనిపెట్టాడు. కానీ అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. మాన్సన్ అనుమానమంతా దోమ మీదే. దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందనీ ఆయన ఊహ. రాస్ సికింద్రాబాద్‌లో ఆ నీళ్లు తాగించి చూశాడు కూడా. దానివల్ల ఏమీ తేలలేదు. దొరికిన ప్రతి దోమా మలేరియాను మోయదని అప్పటికి ఎవరికీ తెలియదు. బూడిదరంగు దోమలు, చారల దోమలు ఎన్ని కోసినా అతనికి ఫలితం కనిపించలేదు.

1897 ఆగస్టు నాటికి రాస్ పనిచేసిన గది ఎలా ఉండేదో ఆయన రాతల్లోనే తెలుస్తుంది. ఒకటే ఉక్క. పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి కనుక దాన్ని ఆపేయాల్సిందే. కళ్ల చుట్టూ చిన్న చిన్న ఈగలు ముసిరేవి. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటికి ఆనించే అద్దం పగిలింది. అలాంటి గదిలో సూది మొనతో దోమ పొట్ట చీల్చి, ఆ గోడలోని ఒక్కొక్క కణాన్నీ వెతకాలి.

ఆ నెల మధ్యలో రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు కొన్ని అతని చేతికి చిక్కాయి. మనం అనాఫిలిస్ అంటున్నది వాటినే. ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే రోగి ఉన్నాడు. అతని నెత్తుటిలో చంద్రవంక ఆకారపు క్రిములు పుష్కలంగా ఉన్నాయి. 16వ తేదీన అతన్ని దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను లోపలికి వదిలారు. కుట్టిన దోమకు అణా చొప్పున కూలి. పది దోమలకు పది అణాలు ముట్టాయి.

తర్వాత నాలుగు రోజుల్లో కొన్ని చచ్చాయి, కొన్నింటిని కోశాడు. ఏమీ దొరకలేదు. 20వ తేదీ మధ్యాహ్నం కోసిన దోమ పొట్టగోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లటి రేణువులు. సరిగ్గా అలాంటి రేణువులే మలేరియా రోగి నెత్తుటి క్రిముల్లో ఉంటాయి. మర్నాడు చివరి దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవై ఉన్నాయి. అంటే దోమ లోపల ఆ క్రిమి బతికి ఉంది, పెరుగుతోంది! ఆ సంబరంలో రాస్ పద్యం కూడా రాసుకున్నాడు. ఆ ఏడు డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతి ప్రచురించింది.

ఈలోగా సైన్యం అతన్ని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. 1898లో కలకత్తాలో మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడితో కలిసి పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ లాలాజల గ్రంథుల గుండా క్రిమి ఎలా పోతుందో పూర్తిగా చూపించాడు. మనిషి మలేరియా విషయంలో అదే పనిని అదే ఏడు ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం చేసి చూపింది. ఘనత ఎవరిదన్న తగువు ఇద్దరి మధ్యా బతికినంత కాలం సాగింది. నా మటుకు నేను గ్రాసీకి అన్యాయం జరిగిందనే అంటాను. అలాగని బేగంపేటలో మొదటి తాళం తీసింది రాస్ అన్న మాటలో మార్పు లేదు.

ఇక స్టాక్‌హోం. పొద్దున్నే పాతబస్తీ గమ్లా స్తాన్‌తో మొదలుపెట్టాలి. అక్కడి పెద్ద చౌకులో, పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలో, 2001లో తెరిచిన నోబెల్ మ్యూజియం ఉంది. అది చూసుకుని వంతెన దాటితే నీళ్ల ఒడ్డున 1874 నాటి గ్రాండ్ హోటల్. తొలినాళ్లలో నోబెల్ విందులు అక్కడే జరిగేవి. ఆ వెనక నీబ్రుకాయెన్ రేవులో పాత సంగీత అకాడమీ భవనం. యాత్రికులను ఎక్కువగా తీసుకెళ్లేది 1923లో ప్రారంభమైన నగర సభాభవనానికీ, 1926 నుంచి బహుమతులిస్తున్న కచేరీ భవనానికీ. రాస్ కాలానికి ఆ రెండూ లేవు. 1902లో బహుమతుల సభ జరిగింది ఈ సంగీత అకాడమీలోనే. అందుకే నా దృష్టిలో ఈ దారిలో ముఖ్యమైన మజిలీ ఇదే. ఇక్కడ కాసేపు ఆగండి. అక్కడి నుంచి సభాభవనం ఉన్న కుంగ్స్‌హోల్మెన్ దీవికి నడవండి. వైద్య బహుమతిని నిర్ణయించే కరోలిన్‌స్కా సంస్థ అప్పట్లో ఈ దీవి మీదే ఉండేది.

డిసెంబరులో ఆ ఊళ్లో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గుంకుతుంది. అలాంటి చలికాలంలో, 12వ తేదీన, రాస్ తన మలేరియా పరిశోధనల మీద నోబెల్ ఉపన్యాసం ఇచ్చాడు. వైద్యంలో అది రెండో నోబెల్, బ్రిటన్‌కు దక్కిన మొట్టమొదటి నోబెల్. దానితో పాటు 1,41,847 స్వీడిష్ క్రోనాలు.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఆయన పేరుతోనే పరాన్నజీవి శాస్త్ర సంస్థగా ఉంది. ఆగస్టు 20ని ప్రపంచం దోమల దినంగా జరుపుకుంటోంది. మన మన్యంలో ఇప్పటికీ వానాకాలం వస్తే మలేరియా భయమే. స్టాక్‌హోంకు టికెట్ కొనే స్తోమత లేనివాళ్లు కూడా ఈ కథ మొదలైన చోటును ఒక సిటీ బస్సెక్కి చూసి రావచ్చు. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. మైక్రోస్కోపు గురించి, మచ్చల రెక్కల దోమ గురించి చెప్పండి. రాస్ పేరు చెప్పిన ప్రతిసారీ హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి. జ్వరంతో పడుకుని ఆ పది దోమలకు నెత్తురిచ్చింది అతనే.