కోనసీమలో మెటల్ డిటెక్టరు వినియోగం

మెటల్ డిటెక్టరు లేదా లోహశోధిని అనగా నేలలోను, ఇసుకలోను, గోడలలోను దాగియున్న లోహపు వస్తువుల ఉనికిని వాటిని తాకకుండానే తెలియజేసే విద్యుత్ పరికరం. దేవాలయాలు, విమానాశ్రయాల ద్వారాల వద్ద భద్రత కొరకు అమర్చే చట్రాలు ఈ కోవకు చెందినవే. పొడవైన కడ్డీకి చివర గుండ్రని తీగచుట్ట కలిగి, నేలను పరీక్షించుటకు వాడే రకం ఔత్సాహికులకు ఉపయోగపడుతుంది. పోగొట్టుకున్న నగలు, పాత నాణేలు వెదకుట కొన్ని దేశాలలో ప్రజాదరణ పొందిన అభిరుచి. గోదావరి డెల్టాలోని కోనసీమ (అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు) ఒండ్రునేల, ఉప్పునీటి తీరం, బౌద్ధ అవశేషాలు, భూగర్భ గ్యాసు గొట్టాలు కలిసి ఉన్న ప్రాంతం. కనుక ఇక్కడ ఈ పరికరాన్ని నేర్చుకొనేవారు యంత్రంతో పాటు నేలను, చట్టాన్ని కూడా తెలుసుకొనవలసి ఉంటుంది.

చరిత్ర

జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ విల్హెల్మ్ డోవ్ 1841లో ప్రేరణ తుల్యతా విధానాన్ని కనుగొన్నాడు. 1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ తుపాకి కాల్పులకు గురైనపుడు, అతని శరీరంలోని తూటాను గుర్తించుటకు టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఈ సూత్రంపై ఒక పరికరాన్ని తయారు చేశాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు పరీక్షకు ఆటంకమైనవని చెబుతారు. చుట్టుపక్కల లోహం అసలు సంకేతాన్ని మరుగుపరచడం నేటికీ ఈ పరికరం వాడేవారందరికీ ఎదురయ్యే సమస్యే.

గెర్హార్డ్ ఫిషర్ రూపొందించిన పరికరానికి 1937లో అమెరికాలో పేటెంటు లభించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పోలండు సైనికాధికారి జోజెఫ్ కొసాట్స్కీ తయారు చేసిన మందుపాతర శోధినిని 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో వాడారు. యుద్ధానంతరం ఈ పరికరాలు క్రమంగా సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి.

పనిచేయు విధానం

తీగచుట్టలో ప్రవహించే ఏకాంతర విద్యుత్తు వలన దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహపు వస్తువు వచ్చినపుడు అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఇవి తిరిగి ఒక చిన్న అయస్కాంత క్షేత్రాన్ని కలుగజేస్తాయి. రెండవ తీగచుట్ట ఈ మార్పును గ్రహించగా, పరికరం దానిని ధ్వనిగాను, అంకెగాను చూపుతుంది.

అయస్కాంతం పనిచేయు తీరు దీనికి భిన్నం. గోదావరి వంతెనల వద్ద తాడుకు అయస్కాంతం కట్టి నాణేలు ఏరేవారికి 1990ల నుండి వాడుకలోకి వచ్చిన స్టీలు నాణేలు దొరుకుతాయి గాని రాగి, వెండి, బంగారం అంటుకొనవు. మెటల్ డిటెక్టరు వీటన్నిటినీ గుర్తించగలదు.

ముఖ్యమైన రకాలు రెండు:

* అల్ప పౌనఃపున్య రకం: ఇనుమును, ఇతర లోహాలను కొంతవరకు వేరు చేసి చూపుతుంది. పొలాలకు, తోటలకు, పెరళ్ళకు అనుకూలం. కొత్తవారు సాధారణంగా దీనితోనే మొదలుపెడతారు.
* స్పందన ప్రేరణ రకం: ఉప్పునీటి తడి ఇసుకలోను, ఖనిజాలు అధికంగా ఉన్న నేలలోను నిలకడగా పనిచేస్తుంది. కాని లోహాలను వేరు చేసే శక్తి తక్కువ.

నాణెం వంటి చిన్న వస్తువు సాధారణంగా 15 నుండి 25 సెంటీమీటర్ల లోతులోపు ఉంటేనే తెలుస్తుంది. బిందె వంటి పెద్ద వస్తువులు ఇంకా లోతున ఉన్నా తెలియవచ్చు.

కోనసీమ నేల స్వభావం

కోనసీమ నేల గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినది. రాళ్ళు లేని మెత్తని నేల కనుక తవ్వుట సులువు. కాని వరదలు వచ్చినపుడల్లా లంక భూములపై కొత్త మేట పడుతుంది. 1986 ఆగస్టు నాటి పెద్ద వరద ఇందుకు ఉదాహరణ. కాబట్టి మేటపడిన చోట పూర్వకాలపు వస్తువులు పరికరానికి అందని లోతులో ఉండిపోవచ్చు. పైపొరలో దొరికేవి ఎక్కువగా ఇటీవలి వస్తువులే.

గోదావరి ఎగువన దక్కను పీఠభూమి నల్లరాతి ప్రాంతం గుండా ప్రవహిస్తుంది. అందువలన నది తెచ్చే ఇసుకలో అయస్కాంత గుణం గల మాగ్నటైటు రేణువులు ఉంటాయి. సముద్రపు ఒడ్డున అలల తాకిడికి ఇవి నల్లని చారలుగా పేరుకొంటాయి. ఆ చారలపై తీగచుట్ట వెళ్ళినపుడు లోహం లేకున్నా శబ్దం రావచ్చు. అంతర్వేది, ఓడలరేవు తీరాలలో తడి ఇసుకలోని ఉప్పు కూడా ఇట్టి తప్పుడు సంకేతాలకు కారణమవుతుంది.

కొబ్బరి తోటలలోను, వరిచేలలోను తుప్పుపట్టిన మేకులు, కొడవలి ముక్కలు, పంపుసెట్ల తీగలు, మందుల రేకులు తరచుగా తగులుతాయి. ఇంటి లోపల స్లాబులోని ఇనుపకడ్డీల వలన, విద్యుత్ తీగల వలన పరికరాన్ని సరిగా పరీక్షించుట సాధ్యం కాదు.

అభ్యాస పద్ధతి

నేర్చుకొనుటకు సొంత పెరడు మంచి చోటు. లోహం లేని కొద్దిపాటి జాగాను ముందుగా పరీక్షించి, అందులో ఒక స్టీలు రూపాయి, పాత రాగి నాణెం, ఇనుప మేకు, అల్యూమినియం రేకు, వెండి మెట్టె వంటివి 5, 10, 15 సెంటీమీటర్ల లోతులలో పూడ్చి పుల్లలతో గుర్తు పెట్టవలెను. ఏ వస్తువుకు ఏ ధ్వని, ఏ అంకె వచ్చినదో పుస్తకంలో వ్రాసుకొనవలెను. వాన పడిన తరువాత, నేల ఎండిన తరువాత మరల పరీక్షిస్తే తేమ ప్రభావం తెలుస్తుంది.

# నేల సర్దుబాటు: లోహం లేని చోట తీగచుట్టను నేలపై కొద్ది ఎత్తులో పైకి క్రిందికి ఆడిస్తూ, నేల ఖనిజాల వలన వచ్చే శబ్దం తగ్గేవరకు పరికరాన్ని సరిచేయాలి.
# సున్నితత్వం: మొదట తక్కువలో ఉంచాలి. గరిష్ఠంగా ఉంచితే లోతు పెరగకపోగా తప్పుడు శబ్దాలు పెరగవచ్చు.
# ఊపు: తీగచుట్ట నేలకు సమాంతరంగా, 2 నుండి 5 సెంటీమీటర్ల ఎత్తులో నెమ్మదిగా కదలాలి. ఊయల వలె రెండు చివరలా పైకి లేస్తే అంచులలో ఉన్నవి తప్పిపోతాయి. ప్రతి ఊపు ముందరి ఊపును కొంత కప్పాలి.
# స్థాన నిర్ణయం: శబ్దం వచ్చిన చోట ముందు అడ్డంగా, తరువాత నిలువుగా ఊపాలి. రెండు గీతలు కలిసే చోటు వస్తువు ఉన్న చోటు.
# తవ్వకం: గునపంతో పొడవరాదు. బొరిగెతో మట్టిపెళ్ళను ఒకవైపు అంటుకొని ఉండేటట్లు తీసి, వస్తువును తీసిన తరువాత యథాస్థానంలో కప్పాలి.

లోహాలను వేరుచేసే సదుపాయాన్ని అతిగా నమ్మరాదు. 1943-47 మధ్య ముద్రించిన, నడుమ రంధ్రం గల కంచు కాణీని పరికరం స్పష్టంగా చూపవచ్చును గాని, నేటి స్టీలు రూపాయిని ఇనుముగా చూపవచ్చు. చిన్న బంగారు ఉంగరపు సంకేతం అల్యూమినియం రేకు సంకేతాన్ని పోలి ఉండవచ్చు. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు ముద్రించారు. చెత్తగా భావించి సీసపు సంకేతాలను వదిలేస్తే అట్టివీ తప్పిపోతాయి. యంత్రం లోహం ఉన్నదని మాత్రమే చెబుతుంది. అది ఏమిటో, తవ్వదగినదో కాదో నిర్ణయించవలసినది మనిషే.

తవ్వరాని చోట్లు

మామిడికుదురు మండలం ఒక్కదానిలోనే ఈ విషయానికి రెండు ఉదాహరణలు కలవు. మొదటిది ఆదుర్రు గ్రామం. ఇక్కడ బౌద్ధ స్తూప అవశేషాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఇట్టి చోట్ల అనుమతి లేకుండా తవ్వుట 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం క్రింద నేరం. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. వస్తువు ఏ పొరలో, వేటి పక్కన ఉన్నదో తెలిస్తేనే దాని కాలాన్ని నిర్ణయించగలరు. నేల నుండి పెకలించిన నాణెం తన చరిత్రలో అధిక భాగాన్ని కోల్పోతుంది.

రెండవది నగరం గ్రామం. 2014 జూన్ 27న తెల్లవారుజామున ఇక్కడ గెయిల్ సంస్థ గ్యాసు గొట్టం నుండి వాయువు వెలువడి మంటలు చెలరేగగా ఇరవై మందికి పైగా మరణించారు. ఆ ప్రమాదం తవ్వకం వలన జరిగినది కాదు. అయినను ఇళ్ళ నడుమ, తోటల క్రింద ఎట్టి గొట్టాలు ఉన్నవో అది లోకానికి తెలియజేసింది. గొట్టపు మార్గాన్ని సూచించే గుర్తు స్తంభాలు కనిపించిన చోట వెదకరాదు. ఒకే వరుసలో దూరం వరకు ఆగకుండా వచ్చే బలమైన సంకేతం నిధి కాదు, గొట్టమో విద్యుత్ కేబులో కావచ్చును. అట్టి చోట తవ్వకుండా విడిచిపెట్టాలి.

చట్టం

1878 నాటి భారత నిధి చట్టం ప్రకారం నేలలో దాగియున్న విలువ గల ఏ వస్తువైనను నిధియే. దాని విలువ 10 రూపాయలకు మించితే దొరికినవారు వస్తువు స్వభావం, విలువ, దొరికిన చోటు, తేదీ వ్రాతపూర్వకంగా జిల్లా కలెక్టరుకు తెలపాలి. తెలపనివారికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండును విధించవచ్చు. వారు తమ వాటాను కూడా కోల్పోతారు. విచారణలో సొంతదారు లేరని తేలి, స్థలం యజమాని కూడా హక్కు కోరినపుడు, వేరే ఒప్పందం లేనిచో దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు చెందుతుంది. ప్రభుత్వం ఆ నిధిని తీసుకొనదలచితే, అందులోని పదార్థపు విలువను, దానిపై అయిదవ వంతును కలిపి చెల్లించవచ్చు. 2022లో జిల్లా ఏర్పడినప్పటి నుండి కోనసీమకు కలెక్టరు కార్యాలయం అమలాపురంలో కలదు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 సంవత్సరాలు నిండిన నాణేలు, శిల్పాలు పురావస్తువులుగా పరిగణింపబడతాయి. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయరాదు; వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు.

బ్రిటన్‌లో 1996 నిధి చట్టంతో పాటు, 1997లో మొదలైన పథకం క్రింద ఔత్సాహికులు తమకు దొరికిన ఇతర పాత వస్తువులను కూడా స్వచ్ఛందంగా నమోదు చేయిస్తున్నారు. 2009లో ఒక ఔత్సాహికునికి దొరికిన స్టాఫర్డ్‌షైర్ నిధి ఆంగ్లో-శాక్సన్ చరిత్రకు ముఖ్య ఆధారమైంది. తెలుగునాట ఈ యంత్రం పేరు వినగానే గుప్తనిధుల వేట గుర్తుకు వస్తుంది. నిధి ఆశతో పాత గుడులను, కోటలను తవ్వి పాడుచేసిన ఘటనలు అనేకం. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వమే అన్వేషణ చేపట్టినను నిధి లభించలేదు.

ఉపయోగాలు

కోనసీమలో ఈ అభిరుచికి తగిన పని పోయిన వస్తువులను వెదకిపెట్టుట. నాట్ల వేళ చేలో జారిన మెట్టె, కొబ్బరితోట బోదెలో పడిన ఉంగరం, అంతర్వేది తీర్థంలో సముద్ర స్నానమాడేటపుడు పోయిన గొలుసు ఒక కుటుంబానికి ఎంతో విలువైనవి. పోయిన చోటు సుమారుగా తెలిసి, త్వరగా వెదకితే దొరికే అవకాశం ఎక్కువ. వస్తువు పోగొట్టుకున్నవారిదే కనుక వారికి అప్పగించాలి. స్థలం యజమాని అనుమతిని ముందుగా పొందాలి. పాత వస్తువు కనిపిస్తే తోమి శుభ్రం చేయక, ఉన్నచోటనే ఉంచి ఫొటో తీసి, అధికారులకు తెలియజేయుట ఉత్తమం.

ఇవి కూడా చూడండి

* విద్యుదయస్కాంత ప్రేరణ
* ఆదుర్రు
* అంతర్వేది
* శాతవాహనులు
* కోనసీమ