పల్లె బస్సు జమాఖర్చులు

1932 జూన్ నెలలో హైదరాబాదు సంస్థానంలో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఒక రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. నేడు తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను తిరిగే ప్రభుత్వ బస్సుల చరిత్ర అక్కడినుండి మొదలవుతున్నది. రైళ్లు నడిపేవారికి బస్సులతో పనేమిటని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. ఆ సందేహం తీరితే పల్లె బస్సు లాభనష్టాల గుట్టు చాలావరకు తెలిసినట్లే.

ముందుగా చిన్న లెక్క వేసి చూద్దాం. ఇందులోని అంకెలు ఊహించి వేసినవి. విద్యార్థులు వేరే అంకెలతో కూడ లెక్కకట్టవచ్చును. ఒక పల్లె పట్నానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. బస్సులో 50 సీట్లు. కిలోమీటరు నడపడానికి అన్ని ఖర్చులు కలిసి 40 రూపాయలు. ప్రయాణీకుడు కిలోమీటరుకు ఒక రూపాయి ఇస్తాడు. అంటే పోనురాను సగటున 40 మంది ఎక్కితేనే ఖర్చుకు రాబడి సరిపోతుంది. ఉదయం పట్నానికి పోయేటప్పుడు 50 సీట్లూ నిండుతాయి. కూరగాయల గంపలతో రైతులు, కళాశాల విద్యార్థులు, ఆసుపత్రికి పోయేవారు, కోర్టు వాయిదాకు పోయేవారు అందరికీ కావలసినది ఆ ఒక్క బస్సే. కాని ఆ వేళకు పట్నం నుండి పల్లెకు వచ్చేవారెవరు? ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక నర్సు, మరి ముగ్గురు. ఆరుగురే అనుకుందాం. రాబడి 1,120 రూపాయలు, ఖర్చు 1,600 రూపాయలు, నష్టం 480.

బస్సు నిండుగా పోయినా, ఖాళీగా వచ్చినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఖాళీ బస్సు బరువే సుమారు 10 టన్నులు. 50 మంది ఎక్కితే పెరిగేది 3 టన్నులకు మించదు. డ్రైవరు జీతం ప్రయాణీకులను లెక్కపెట్టి మారదు గదా! పట్నంలో తిరిగే బస్సులో ఒకడు దిగితే మరొకడు ఎక్కుతాడు. ఒకే సీటు ఒక ప్రయాణంలో రెండు మూడు సార్లు అమ్ముడుపోతుంది. పల్లె బస్సు సీటు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదీ ఒకవైపే అమ్ముడుపోతుంది. రాత్రి బస్సును పల్లెలోనే నిలిపి, డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకొని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుకు బయలుదేరే నైట్ హాల్ట్ పద్ధతి మన రాష్ట్రాలలో అందుకే వచ్చినది. దానివలన తెల్లవారకముందే డిపో నుండి పల్లెకు ఖాళీగా పోయే ప్రయాణం తప్పుతుంది. ఊరి అరుగు మీదనో, బస్సు సీట్ల మీదనో కండక్టరు తీసే నిద్రలో ఇంత గణితం ఉన్నది.

అయితే ఆ 480 రూపాయల నష్టాన్ని చూచి సర్వీసు రద్దు చేస్తే 480 రూపాయలు మిగులుతాయా? మిగలవు. 1,600 రూపాయల ఖర్చులో డీజిలు, టైర్లు, అరుగుదల వంటివి 600 అనుకుంటే, బస్సు కదలకపోతే తప్పేది ఆ 600 మాత్రమే. జీతాలు, బస్సు కొన్న అప్పు మీద వడ్డీ, డిపో ఖర్చు యథాప్రకారం ఉంటాయి. 600 మిగుల్చుకొని 1,120 పోగొట్టుకున్నట్లు అవుతుంది. ఆ బస్సుకు, ఆ సిబ్బందికి మరొకచోట అంతకంటె మంచి రాబడి చూపగలిగితేనే రద్దులో అర్థమున్నది. ఇక రెండవ విషయం, ఇంతకంటె ముఖ్యమైనది. పల్లె నుండి పట్నానికి వచ్చినవాడు అక్కడ ఆగిపోడు. పెద్ద ఊరికి పోయే మరొక బస్సో, రైలో ఎక్కుతాడు. ఆ టికెట్టు డబ్బు పల్లె బస్సు ఖాతాలో పడదు, రెండవ బండి ఖాతాలో పడుతుంది. పల్లె బస్సు విత్తనం చల్లినది, పంట పక్క పొలంలో పండినది.

1932 నాటి రైల్వేవారికి రెండు పొలాలూ తమవే. బ్రిటిషు కంపెనీ చేతిలో ఉన్న రైలు మార్గాన్ని నిజాము ప్రభుత్వం 1930లో తన వశం చేసుకొన్నది. అప్పటికే ఇండియా అంతటా మోటారు బస్సులు రైలు పట్టాల పక్కనే పరుగెత్తి రైల్వేల రాబడికి గండి కొడుతున్నవి. ఈ పోటీని గురించి మిచెల్, కర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు తయారుచేసిన నివేదిక 1933లో వెలువడినది. హైదరాబాదులో అంతకు ఏడాది ముందే రైలును, బస్సును ఒకే యాజమాన్యం కిందికి తెచ్చారు. రైలు స్టేషనుకు జనాన్ని చేర్చే బస్సులో నష్టం వచ్చినా, రైలు టికెట్టులో అది పూడుతుంది. ఒక చేతితో పోయినది మరొక చేతికి వచ్చే ఏర్పాటు ఇది.

కోస్తా జిల్లాలలో పరిస్థితి వేరు. అక్కడ బస్సులు ప్రైవేటు యజమానులవి. ఒక్క బస్సు మాత్రమే గలవారు కూడ ఉండేవారు. అట్టివారి ఖాతాలో ఒకే దారి ఉంటుంది. ఆ దారిలో నష్టం వస్తే మానుకోవలసిందే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు వీరు బస్సు వెనుక బొగ్గు కొలిమి కట్టుకొని నడిపారు. బొగ్గును చాలీచాలని గాలిలో మండించినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడు ప్రధానంగా గల వాయువే ఇంజనుకు ఆహారం. అందులో సుమారు సగం మండని నైట్రజను కావడంచేత ఇంజనుకు బలం చాలేది కాదు. ఎత్తు వచ్చినచోట ప్రయాణీకులు దిగి నెట్టేవారని పాతతరం పెద్దలు చెప్పేవారు. టికెట్టు కొన్నవాడే బస్సును నెట్టడం వింతే గాని, బస్సు ఆగిపోలేదు.

ఏ దారిలో ఎన్ని బస్సులు నడవాలో నిర్ణయించే అధికారాన్ని 1939 మోటారు వాహనాల చట్టం ప్రాంతీయ రవాణా అధికారులకు ఇచ్చినది. పర్మిట్లను పరిమితం చేస్తే మంచి దారిలో పోటీ తగ్గుతుంది. ఆ మిగులుతో చెడ్డ దారిని కూడ నడపగలరు. ఈ ఆలోచన బ్రిటనులో 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టంలో ముందే ఉన్నది. అక్కడ అది ఏమైనదో చూడడం మనకు అవసరం. 1950 తరువాత ఆ దేశంలో సొంత కార్లు పెరిగి, మంచి దారుల మిగులే కరిగిపోయినది. గ్రామీణ బస్సులను పరిశీలించిన జాక్ కమిటీ, వీటికి నేరుగా ధనసహాయం కావాలని 1961లో చెప్పినది. 1968 చట్టం స్థానిక సంస్థలకు ఆ అధికారం ఇచ్చినది. 1986 అక్టోబరు 26న లండను వెలుపల పర్మిట్ల కట్టడి తొలగించారు. లాభం వచ్చే దారి ఎవరైనా నడపవచ్చు. రాని దారికి అవసరమనుకుంటే స్థానిక సంస్థ టెండరు పిలిచి డబ్బివ్వాలి. లెక్క శుభ్రమైనది, నిజమే. కాని శుభ్రంగా విడిగా కనిపించిన ఖర్చును కొట్టివేయడం కూడ సులభం. 2010 తరువాత స్థానిక సంస్థల నిధులు తగ్గినప్పుడు ఇటువంటి పల్లె సర్వీసులు అనేకం రద్దయినవి.

మన దేశం వేరొక దారి పట్టినది. 1950 రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షను, ప్రజలకు చాలినన్ని, చక్కగా సమన్వయమైన సర్వీసులు కల్పించడం సంస్థ విధి అంటున్నది. నాలుగు సెక్షన్లు దాటగానే 22వ సెక్షను, సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడవాలంటున్నది. పల్లె బస్సు ఆనాటి నుండి ఈ రెండు సెక్షన్ల మధ్యనే ఊగులాడుతున్నది. 1951లో నిజాము రైల్వే భారత రైల్వేలలో కలిసి, బస్సులు హైదరాబాదు ప్రభుత్వానికి వచ్చినవి. రైలు ఖాతా, బస్సు ఖాతా విడిపోయినవి. కనుక మంచి బస్సు దారులే చెడ్డ బస్సు దారులను మోయవలసి వచ్చినది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కృష్ణా జిల్లా దారులను తీసుకోబోగా, అక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు పోయారు. విచారణ జరిపినవారు ఒకరు, నిర్ణయించినవారు మరొకరు కావడం న్యాయం కాదని ఆ సంవత్సరం నవంబరులో తీర్పు వచ్చినది. తీర్పు వ్రాసినది కోకా సుబ్బారావు గారు. మరల సక్రమంగా విచారణ జరిపిన మీదట 1959లో పథకం నిలిచినది. కోర్టులో వాదించినది విచారణ పద్ధతిని గురించే. కాని ధాన్యంతో, జనంతో కళకళలాడే డెల్టా దారుల రాబడి ఎవరి ఖాతాలో చేరాలన్నదే దాని వెనుకనున్న అసలు తగవు.

ఒకే సంస్థ చేతిలో దారులన్నీ ఉంటే సర్దుబాటు సాగుతుంది. కాని ఆ తరువాతి దశాబ్దాలలో ఆటోలు, జీపులు వచ్చినవి. బస్సుకు పది నిమిషాల ముందు స్టాండులో నిలిచి, నిండే ట్రిప్పు ప్రయాణీకులను అవి ఎక్కించుకున్నవి. మధ్యాహ్నపు ఖాళీ ట్రిప్పు, రాత్రి ఆఖరు ట్రిప్పు పల్లెవెలుగు బస్సుకే మిగిలినవి. విద్యార్థుల రాయితీ పాసులు వేరు. నష్టం వస్తుందని ఆఖరు బస్సు మానివేస్తే, సాయంత్రం తరగతి ముగిసిన తరువాత ఇల్లు చేరడమెట్లా అని మొదట చదువు మానేది ఆడపిల్ల. ఆ నష్టం ఏ డిపో లెక్కలోను కనిపించదు.

రాష్ట్రం విడిపోయిన తరువాత సంస్థ కూడ రెండైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి సిబ్బందిని ప్రభుత్వోద్యోగులుగా తీసుకొన్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు నిర్ణీత సర్వీసులలో ఉచిత ప్రయాణం వచ్చినది. ఎక్కినవారు డబ్బివ్వరు; ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. అందుకోసం కండక్టరు జీరో టికెట్టు ఇస్తున్నాడు. ఎక్కడ ఎక్కినది, ఎక్కడ దిగేది యంత్రంలో నమోదవుతున్నది. పట్నంలో దిగి రెండవ బస్సు ఎక్కితే అక్కడ ఇంకొక జీరో టికెట్టు. పల్లె బస్సు చల్లిన విత్తనం ఏ పొలంలో ఎంత పండుతున్నదో, ఈ రెండు టికెట్లను కలిపి చూచేవారుంటే, ఇప్పుడు లెక్క తీయవచ్చును.