పంతులుగారి యోగ్యతాపత్రము

పట్టా లేనిదే వైద్యుడు మందు ఈయరాదు. సన్నదు లేనిదే వకీలు న్యాయస్థానమున వాదింపరాదు. పిల్లలకు పాఠము చెప్పుటకు కూడ అట్టి అనుమతి యొకటి ఉండవలెనను తలంపు మన దేశమునకు ఆలస్యముగనే వచ్చినది. అది ఎట్లు వచ్చినదో, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు బడులను ఎట్లు చేరినదో కొంచెము పరిశీలింతము.

పూర్వము వీధిబడి పంతులుకు అనుమతి నిచ్చినది గ్రామమే. ఆయనకు చదువు వచ్చునని ఊరివారు నమ్మిన చాలును. అరుగుమీద బడి సాగెడిది. 1854లో వచ్చిన ఉడ్ దొరగారి విద్యా నివేదనము ఉపాధ్యాయులకు శిక్షణశాలలు ఉండవలెనని నిర్దేశించినది. 1856లో మద్రాసున నార్మల్ పాఠశాల ఏర్పడి, కాలక్రమమున సైదాపేట శిక్షణ కళాశాలగా పెరిగినది. పందొమ్మిదవ శతాబ్ది ముగియు నాటికి మన రాజమహేంద్రవరమున కూడ అట్టి కళాశాల నెలకొన్నది. పట్టభద్రులు అచట శిక్షణ పొంది ‘ఎల్.టి.’ అను బిరుదమును అందుకొనెడివారు. ఆ రెండక్షరముల అర్థము ‘బోధించుటకు అనుమతి పొందినవాడు’ అని. శిక్షణయు, అనుమతియు నాడు ఒకే కాగితమున ఇమిడియుండెను. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారంతటివారును ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో సైదాపేటకు పోయి ఉపాధ్యాయ శిక్షణ పొందినవారే. తరువాత ఎల్.టి. పోయి బి.టి., బి.టి. పోయి బి.ఇడి. వచ్చినవి. అనుమతి అను మాట మాత్రము పేరులోనుండి జారిపోయినది.

ఇక మేడ్చల్ వైపు చూతము. నిజాము కాలమున హైదరాబాదు నగరము చుట్టునున్న పల్లెలకు అత్రాఫె బల్దా అని పేరు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. ఇంట తెలుగు మాటలాడు పల్లెటూరి బాలుడు పై చదువు చదివి ఉపాధ్యాయుడు కావలెనన్న, ముందు మరియొక భాషను వశపరచుకొనవలసి యుండెను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు మాతృభాషలో విద్య ముఖ్య విషయమగుటకు ఇట్టి కష్టమే కారణము. 1948లో సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఆ అడ్డు తొలగినది. 1978లో రంగారెడ్డి జిల్లాలోను, 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోను ఈ గ్రామములు చేరినవి. పాలనలు మారినను, చాలకాలము బి.ఇడి. పట్టమే మాధ్యమిక పాఠశాల తలుపు తెరచు తాళపుచెవిగా ఉండెను.

ఆ తాళపుచెవి ఇప్పుడు ఒక్కటి కాదు. ఉపాధ్యాయ విద్యకై జాతీయ మండలిని నెలకొల్పు చట్టము 1993లో వచ్చినది; మండలి 1995లో ఏర్పడినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయుని కనీసార్హతను నిర్ణయించు అధికారమును కేంద్రము నియమించు సంస్థకు ఒప్పగింపగా, ఆ మండలి 2010 ఆగస్టు 23న టెట్ అను అర్హతా పరీక్షను విధించినది. 150 ప్రశ్నలు, రెండున్నర గంటల వ్యవధి. అయిదవ తరగతి వరకు చెప్పగోరువారికి ఒక పత్రము, ఆరు మొదలు ఎనిమిది వరకు చెప్పగోరువారికి మరియొకటి. కనుక నేటి శామీర్‌పేట యువతి మొదట డిగ్రీ ముగించి, ఎడ్‌సెట్ వ్రాసి, రెండేండ్లు బి.ఇడి. చదివి, టెట్ గట్టెక్కి, ఆపైన డి.ఎస్.సి. పరీక్షలో నిలిచిననే సర్కారు బడి మెట్టు ఎక్కును. ఎల్.టి.లో ఒకటిగా ఉన్న శిక్షణయు, అనుమతియు ఈ విధముగ విడిపోయినవి.

ఈ ఎడబాటు ఎంత దూరము పోయినదో 2025 సెప్టెంబరు 1 నాటి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు తెలిపినది. టెట్ పుట్టకముందే నియమితులై, అయిదేండ్లకు మించి ఉద్యోగకాలము మిగిలియున్నవారు రెండేండ్లలో ఆ పరీక్షలో నెగ్గవలెనని న్యాయస్థానము ఆదేశించినది. ఇరువదేండ్లు సుద్దముక్క పట్టిన చేతితో మరల పరీక్షకు కూర్చొనవలెనన్నచో ఆ ఉపాధ్యాయులకు కలుగు బాధను మనము తేలికగా తీసివేయరాదు. అట్లే, చదువు చెప్పువారి యోగ్యతను చూడగోరు తల్లిదండ్రుల హక్కును కూడ కాదనలేము.

అయితే పరీక్ష చూడలేనిది ఒకటి కలదు. అది తరగతి గది. మేడ్చల్ పరిసరములలో కర్మాగారములు వెలసిన పిమ్మట ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రముల నుండి కూలికై వచ్చినవారి బిడ్డలు మన బడులలో కూర్చొనుచున్నారు. ఒకే బల్లమీద తెలుగు, హిందీ, ఒడియా వినవచ్చును. ఒకనాడు ఉర్దూ ఎదుట మన పల్లెబాలుడు పడిన ఇబ్బందినే నేడు తెలుగు ఎదుట ఆ బిడ్డ పడుచున్నాడు. వానిని పలుకరించు నేర్పు 150 ప్రశ్నలలో తేలునది కాదు. అనుభవజ్ఞుడైన పంతులు ప్రక్కన నిలిచి, పాఠము చెప్పి, తప్పులు దిద్దుకొని నేర్వవలసినది.

ఈ సంగతి పెద్దలు ఎరుగకపోలేదు. ప్రతి శిక్షణ కళాశాలకు అనుబంధముగా అభ్యాస పాఠశాల ఉండవలెనని 1904 నాటి ప్రభుత్వ తీర్మానమే చెప్పినది. న్యాయమూర్తి జె. ఎస్. వర్మ గారి సంఘము 2012లో నివేదిక సమర్పించిన పిదప, 2014 నాటి నిబంధనలు బి.ఇడి.ని రెండేండ్లకు పెంచి, అందు 20 వారములు బడిలోనే గడపవలెనని విధించినవి. ఆ 20 వారములు సంతకముల పుస్తకములో మాత్రమే నిండినచో పట్టా చేతికి వచ్చును గాని విద్య చేతికి రాదు.

మా పాఠకుల ఇండ్లలో బి.ఇడి. చదువ నెంచు పిల్లలు ఉండవచ్చును. కళాశాలను ఎన్నుకొనునపుడు రుసుము ఎంత, భవనము ఎట్టిది అని అడుగుట సహజమే. దానితోపాటు, అభ్యాసమునకు ఏ బడికి పంపుదురు, అచట పాఠము వినిపించుకొని దిద్దువారెవరు అనియు అడుగుడు. ఆ బడికి ఒకసారి పోయి చూచి రండు. ఆ రెండు ప్రశ్నలకు సరియైన జవాబు దొరికిన చోటనే చేరుట మేలు.